దీపం వెలుగులో దివ్యగ్రంథం
(పునీత జెరోము జీవితము – మన కాలానికి ఆయన చూపిన దారి)

సమాచారానికి కరవులేని కాలం ఇది. తెల్లవారి లేచింది మొదలు రాత్రి కన్ను మూసేవరకు వార్తలు, బొమ్మలు, ప్రసంగాలు, పుకార్లు ఒకదాని వెంట ఒకటి మన చేతిలోని ఫోనులోకి వచ్చి పడుతూనే ఉన్నాయి. దేవుని వాక్యం కూడా ఆ వరదలోనే కలిసి వస్తున్నది. రోజుకు పది వాక్యాలు వస్తాయి. అందులో ఏది నిజంగా గ్రంథంలో ఉన్నదో, ఏది ఎవరో కల్పించి పంపినదో విచారించే తీరిక మనకు లేదు. అన్నీ తెలిసినట్లే ఉంటుంది, ఒక్కటీ మనసుకు పట్టదు. దీనికి తోడు యుద్ధాలు, వలసలు, అంటురోగాలు, ధరలు, తగవులు. ఇంత గందరగోళంలో మనిషి ఒకచోట కూర్చుని అర్థవంతమైన పని ఒకటి చేయగలడా అనే సందేహం చదువుకున్నవారిని, చదువుకోనివారిని కూడా పీడిస్తున్నది.

మన మేత్రాసనం నూరేండ్లు నిండిన ఈ శుభ సందర్భంలో ఆ సందేహానికి తన బ్రతుకుతోనే సమాధానం చెప్పిన ఒక మహనీయుని స్మరించుకోవడం ఉచితమని తలుస్తాను. ఆయన పునీత జెరోము. పదహారు వందల ఏండ్ల క్రిందటివాడు. రోము సామ్రాజ్యం కళ్ల ముందు కూలిపోతున్న కాలంలో, బైబులు ప్రతులు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా పెరిగిపోయిన కాలంలో, ఆయన బెత్లెహేములో ఒక మూల కూర్చుని చేసిన పని పాశ్చాత్య శ్రీసభకు వెయ్యేండ్లకు పైగా అన్నం పెట్టింది. ఆయన శాంతమూర్తి కాదు, మహా కోపిష్ఠి. ఆ సంగతి కూడా దాచకుండా చెప్పుకుందాం. దాచితే మనకు కలిగే మేలు తగ్గుతుంది.

సరిహద్దు పల్లె నుండి రాజధానికి

జెరోము క్రీ.శ. 347 ప్రాంతంలో స్ట్రిదోను అనే ఊరిలో జన్మించారు. డల్మేషియా, పన్నోనియా అనే రెండు రోము రాష్ట్రాల సరిహద్దులో ఉండేది ఆ ఊరు. ఆయన బ్రతికి ఉండగానే గోతుల దండయాత్రలో అది నాశనమైపోయింది. ఈనాడు ఆ ఊరు ఫలానా చోట ఉండేదని ఎవరూ గట్టిగా చెప్పలేరు. తాను పుట్టిన ఊరే భూమి మీద లేకుండా పోయినవాడు, చెరగని గ్రంథం కోసం జీవితమంతా శ్రమించాడంటే ఆశ్చర్యం లేదు.

తల్లిదండ్రులు క్రైస్తవులు, కలిగినవారు. కొడుకును చిన్నతనంలోనే చదువుకు రోము పంపించారు. అక్కడ దొనాతు అనే ప్రసిద్ధ వ్యాకరణ పండితుని వద్ద ఆయన శిష్యులయ్యారు. లాటిను కవులు, నాటకకర్తలు, వక్తలు ఆయనకు కంఠస్థమయ్యారు. ముఖ్యంగా సిసిరో రచనలంటే ప్రాణం. డబ్బు ఉన్నంతవరకు పుస్తకాలు కొన్నారు, దొరకనివాటిని తన చేతితో వ్రాసుకున్నారు. ఆ గ్రంథాలయం తరువాత ఆయన ఎక్కడికి వెళితే అక్కడికి వెంట నడిచింది. ఆదివారాలలో స్నేహితులతో కలిసి నేలమాళిగలలోని వేదసాక్షుల సమాధులను దర్శించేవారు. యౌవనపు పొరపాట్లు కూడా లేకపోలేదు. రోములోనే జ్ఞానస్నానం పొందారు.

చదువు ముగిసిన తరువాత ట్రియరు నగరంలోను, అక్విలేయాలోను కొంతకాలం గడిపారు. అక్విలేయాలో కొందరు యువకులు కలిసి సన్యాస జీవితం గడపాలని ఉత్సాహపడ్డారు. ఆ మిత్రబృందంలో రుఫీను ఒకడు. అతని పేరు గుర్తు పెట్టుకోవాలి. మరల చెప్పుకోవలసి వస్తుంది. ఆ బృందం ఏదో తగవు వచ్చి చెదిరిపోయింది. జెరోము తూర్పు దేశాలకు ప్రయాణమయ్యారు.

కల, ఎడారి, కఠినమైన భాష

అంతియోకియలో ఆయనకు తీవ్రమైన జ్వరం వచ్చింది. వెంట వచ్చిన స్నేహితులలో ఇద్దరు మరణించారు. ఆ జ్వరంలోనే ఒక కల వచ్చింది. తాను న్యాయపీఠం ముందు నిలబడినట్లు, నీవెవరవని అడిగితే క్రైస్తవుడనని చెప్పినట్లు, అది అబద్ధమని, నీవు సిసిరో శిష్యుడవే గాని క్రీస్తు శిష్యుడవు కావని న్యాయాధిపతి తీర్పు చెప్పి కొరడాలతో కొట్టించినట్లు ఆ కల. మేలుకున్న తరువాత కూడా వీపు మంట తగ్గలేదని ఆయనే తరువాత వ్రాసుకున్నారు. ఆ కల మంచి పుస్తకాలను చదవవద్దని చెప్పిందా? అట్లా కొందరంటారు. కాని ఆయన తరువాతి రచనలలో కూడా పాత కవుల మాటలు అడుగడుగునా కనిపిస్తాయి. ఆ కల అడిగినది వేరొక ప్రశ్న. నీ తలనిండా ఉన్న ఈ సరుకులో నీ హృదయం దేనిమీద ఉన్నది, అన్నదే ఆ ప్రశ్న. ఈనాడు మనం కూడా వేసుకోవలసిన ప్రశ్న అదే.

375 ప్రాంతంలో ఆయన సిరియాలోని కాల్కిసు ఎడారికి వెళ్లారు. ఎండ, ఉపవాసం, ఒంటరితనం. శరీరం ఎడారిలో ఉన్నా మనసు రోము నగరపు వినోదాలలో తిరుగుతూ ఉండేది. ఎంత ఉపవాసం చేసినా ఆలోచనలు అదుపులోకి రాలేదు. అప్పుడు ఆయన ఒక చిత్రమైన ఉపాయం చేశారు. క్రైస్తవుడైన ఒక యూదుని గురువుగా పెట్టుకుని హెబ్రీ భాష నేర్చుకోసాగారు. తియ్యని లాటిను పలికిన నాలుకకు ఆ గొంతు అక్షరాలు ముళ్లవలె గుచ్చుకున్నాయి. ఎన్నోసార్లు విసిగి వదిలివేశారు, మళ్లీ మొదలుపెట్టారు. చెదిరిపోయే మనసును ఖాళీగా ఉంచి గెలవడం కష్టం. కష్టమైన మంచిపని ఒకటి దానికి అప్పగిస్తే అది నిలబడుతుంది. ఆ చేదు విత్తనం నుండి తియ్యని పండ్లు కోసుకున్నానని ముసలితనంలో ఆయన దేవునికి స్తోత్రం చెప్పుకున్నారు. ఆనాటి లాటిను క్రైస్తవ పండితులలో హెబ్రీ భాషలో ఇంత ప్రవేశం సంపాదించినవారు మరొకరు లేరు.

ఎడారిలో కూడా శాంతి దక్కలేదు. అంతియోకియలో ఒకే పీఠానికి ముగ్గురు నలుగురు పీఠాధిపతులు పోటీపడుతున్న రోజులవి. త్రిత్వం గురించి ఏ మాట వాడాలో చెప్పమని, ఏ పక్షమో తేల్చుకోమని గుహలలోని సన్యాసులు సైతం ఆయనను ప్రతిరోజూ వేధించారు. విసిగి పోపు దమాసుకు జాబులు వ్రాసి, చివరకు ఎడారి వదిలిపెట్టారు. అంతియోకియలో గురుపట్టం స్వీకరించారు, తన సన్యాసానికి భంగం కలుగరాదనే షరతు మీద.

పట్టికలతో పడవ కట్టినట్లు

తరువాత కాన్‌స్టాంటినోపులు వెళ్లి అక్కడ నాజియన్సు గ్రెగోరి వద్ద గ్రంథ వ్యాఖ్యానం నేర్చుకున్నారు. అక్కడ ఆయన చేసిన ఒక పని మన విషయానికి చాల దగ్గరది. కైసరియ పీఠాధిపతి యుసేబియసు వ్రాసిన కాలచరిత్రను గ్రీకు నుండి లాటినులోకి తెచ్చారు. అబ్రాహాము కాలం నుండి లోకంలోని రాజ్యాల చరిత్రనంతటినీ పక్కపక్క వరుసలలో పేర్చిన పట్టిక అది. ఒక రాజ్యంలో ఏమి జరుగుతున్నప్పుడు మరొక రాజ్యంలో ఏమి జరిగిందో ఒక్క చూపులో తెలుస్తుంది. వ్రాయసగాండ్ర చేతిలో వరుసలు కలిసిపోకుండా ఎర్రసిరా వాడి వాటిని వేరుచేశారు. తరువాత సంగతులు తానే చేర్చి 378 వరకు తెచ్చారు. ఆ సంవత్సరమే అడ్రియానోపులు యుద్ధంలో గోతులు రోము సైన్యాన్ని చిత్తుచేశారు, వాలెన్సు చక్రవర్తి హతుడయ్యాడు. మన గడ్డమీద ఇంకా అనాగరిక సైన్యాలు తిరుగుతుండగా మిగిలిన కథ వ్రాయడం నిశ్చయంగా చెప్పడం కాదని అక్కడ కలం ఆపారు. తెలిసినంతవరకు వరుసగా పేర్చడం, తేలని సంగతి దగ్గర ఆగిపోవడం అనే రెండు గుణాలూ ఆయనలో అప్పుడే కనిపించాయి.

ఎన్ని ప్రతులో అన్ని పాఠాలు

382లో జెరోము రోముకు తిరిగి వచ్చారు. పోపు దమాసు ఆయన పాండిత్యాన్ని గుర్తించి తనకు కార్యదర్శిగా పెట్టుకుని, ఒక పెద్ద బాధ్యత అప్పగించారు. లాటిను సువార్తలను సరిదిద్దడమే ఆ బాధ్యత.

ఆ పని ఎంత కష్టమో మన ఊళ్లలోని తాళపత్రాల సంగతి విన్నవారికి సులభంగా అర్థమౌతుంది. అచ్చుయంత్రం లేదు. పుస్తకం కావాలంటే ఎవరో ఒకరు చేతితో వ్రాయాలి. గ్రీకు కొద్దిగా వచ్చిన ప్రతివాడూ తొలిరోజులలో తనకు తోచినట్లు లాటినులోకి తెచ్చాడు. ఆ అనువాదం నచ్చనివాడు తన ఇష్టం వచ్చినట్లు దిద్దాడు. కునికిపాట్లు పడుతూ వ్రాసిన వ్రాయసగాడు కొంత వదిలాడు, కొంత కలిపాడు. మత్తయి చెప్పిన మాట మార్కులో లేకపోతే అది లోపమనుకుని అక్కడ కూడా చేర్చినవారున్నారు. ఈ విధంగా ఎన్ని ప్రతులున్నవో దాదాపు అన్ని పాఠాలు తయారైనవని జెరోము వాపోయారు. ఒక ఊరి గుడిలో చదివే సువార్త పొరుగూరి గుడిలోని సువార్తతో కలవదు. పుస్తకాలకు కొదువలేదు, నమ్మదగిన పుస్తకానికే కొదువ.

జెరోము మూడు పద్ధతులు పాటించారు. మొదటిది, లాటిను ప్రతులలో ఏది మంచిదని వాదులాడుతూ కూర్చోక, అవి పుట్టిన గ్రీకు మూలానికే వెళ్లారు. కాలువలు బురదగా ఉన్నప్పుడు ఊట దగ్గరకు పోవడం వంటిది ఇది. రెండవది, ప్రజలకు అలవాటైన మాటలను అనవసరంగా కదల్చలేదు. అర్థం చెడినచోటనే దిద్దారు. మూడవది, చదువరికి దారి చూపారు. పాత లాటిను ప్రతులలో మత్తయి తరువాత యోహాను వచ్చేది. గ్రీకు ప్రతుల ప్రకారం మత్తయి, మార్కు, లూకా, యోహాను అనే వరుస పెట్టారు. ఏ సంగతి నాలుగు సువార్తలలో ఉన్నదో, ఏది మూడింటిలో, ఏది ఒక్కదానిలో ఉన్నదో తెలిపే యుసేబియసు పది పట్టికలను ముందు చేర్చారు. ఇక ఒక సువార్తలోని మాటలను మరొకదానిలోకి దొర్లించవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. నాలుగు గొంతులు నాలుగుగానే వినిపించసాగాయి.

పొగడ్త నుండి నిందకు

రోములో ఆయన చుట్టూ కొందరు కులీన స్త్రీలు చేరారు. మార్సెల్లా అనే వితంతువు తన భవనాన్నే ప్రార్థనాలయంగా మార్చి, గ్రంథంలోని చిక్కు ప్రశ్నలను జెరోమును విడువకుండా అడిగేది. పౌలా అనే మరొక వితంతువు, ఆమె కుమార్తె యుస్తోకియా కూడా ఆయన శిష్యులయ్యారు. ఒకవైపు ఇంత భక్తి, మరొకవైపు ఇంత విరోధం. నగరంలోని సుఖలాలసులైన గురువులను, కపట భక్తులను జెరోము తన కలంతో చీల్చి చెండాడారు. శత్రువులు పెరిగారు. సువార్తను దిద్దినందుకు పవిత్ర గ్రంథాన్ని చెరిపినవాడని కొందరు తిట్టారు.

384లో పౌలా పెద్ద కుమార్తె బ్లెసిల్లా, కొత్తగా భక్తిమార్గం పట్టిన ఇరవై ఏండ్ల యువతి, మరణించింది. కఠిన ఉపవాసాలే ఆమెను చంపాయని జనం జెరోము మీద మండిపడ్డారు. కూతురు శవం వెంట ఏడ్చిన తల్లిని ఓదార్చవలసినది పోయి, అంతగా ఏడవరాదని ఆయన మందలిస్తూ జాబు వ్రాశారు. ఆ జాబు చదివితే ఈనాటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ సంవత్సరం చివరనే పోపు దమాసు కన్నుమూశారు. ఆదరించేవారు లేరు. పౌలాతో ఆయన స్నేహానికి చెడ్డ అర్థాలు కట్టారు. 385 ఆగస్టులో జెరోము రోమును శాశ్వతంగా వదిలి ఓడ ఎక్కారు. ముప్పది ఎనిమిది ఏండ్ల వయసులో, పేరు పోగొట్టుకుని, పదవి పోగొట్టుకుని బయలుదేరిన మనిషి. ఆయన అసలు పని అప్పటికి ఇంకా మొదలు కాలేదు.

బెత్లెహేములో ముప్పది నాలుగు ఏండ్లు

పౌలా, యుస్తోకియా కూడా తూర్పు దేశానికి వచ్చి ఆయనను కలిశారు. పుణ్యస్థలాలు చూచి, ఐగుప్తు వెళ్లి అలెగ్జాండ్రియాలో అంధుడైన మహాపండితుడు దిదిముసు పాఠాలు విని, 386లో బెత్లెహేములో స్థిరపడ్డారు. పౌలా తన ఆస్తి వెచ్చించి పురుషులకు ఒక మఠం, స్త్రీలకు మఠాలు, యాత్రికులకు ఒక సత్రం కట్టించింది. యోసేపు మరియమ్మలకు చోటు దొరకని ఊరిలో పరదేశికి చోటు ఉండాలని ఆ సత్రం. ఆమె హెబ్రీ నేర్చుకుని కీర్తనలను ఆ భాషలోనే, లాటిను యాస లేకుండా పాడేది. ఎన్నో గ్రంథాలను జెరోము ఆమెకు, యుస్తోకియాకు అంకితం చేశారు. స్త్రీలకు అంకితం చేస్తాడేమని ఎగతాళి చేసినవారికి గ్రంథంలోని దెబోరా, హుల్దా మొదలైన స్త్రీలను చూపి సమాధానం చెప్పారు. ఈ తల్లీకూతుళ్ల ధనం, చదువు, పట్టుదల లేకపోతే జెరోము పని సాగేది కాదు.

పూర్వ నిబంధనను అప్పటివరకు లాటినువారు గ్రీకు అనువాదం నుండి తెచ్చుకున్నారు. అంటే అది అనువాదానికి అనువాదం. జెరోము మొదట ఆ గ్రీకు ఆధారంగానే దిద్దబోయారు. కైసరియ గ్రంథాలయంలో ఓరిజెను అనే మూడవ శతాబ్దపు పండితుడు తయారుచేసిన మహాగ్రంథం ఉండేది. ఒకే పుటలో ఆరు వరుసలు. హెబ్రీ మూలం, దాని ఉచ్చారణ, నాలుగు గ్రీకు అనువాదాలు పక్కపక్కన. ఆ ఆరు వరుసలను జెరోము స్వయంగా పరిశీలించారు. ఆ వెలుగులో దిద్దిన కీర్తనల గ్రంథమే తరువాత శతాబ్దాల తరబడి శ్రీసభ ప్రార్థనలలో పాడబడింది. హెబ్రీలో లేక గ్రీకులో మాత్రమే ఉన్న మాటలకు ఒక గుర్తు, హెబ్రీలో ఉండి గ్రీకులో లేనివాటికి మరొక గుర్తు పెట్టారు. ఏది ఎక్కడ నుండి వచ్చినదో చదువరికి తెలియాలని ఆయన పట్టుదల. ఈనాడు మనకు వచ్చే సందేశాల మీద అటువంటి గుర్తు ఒకటి ఉంటే ఎంత బాగుండును!

అంతటితో ఆయనకు తృప్తి కలుగలేదు. ఆరు వరుసలు చూచిన కొద్దీ, మొదటి వరుసకే పోవాలని తోచింది. 390 ప్రాంతంలో హెబ్రీ మూలం నుండి తిన్నగా లాటినులోకి అనువాదం మొదలుపెట్టారు. దాదాపు పదిహేను ఏండ్లు, 405 వరకు ఆ పని సాగింది. యూదు గురువులకు డబ్బు ఇచ్చి పాఠాలు చెప్పించుకున్నారు. బరనీనా అనే గురువు తనవారికి భయపడి రాత్రివేళ రహస్యంగా వచ్చి చెప్పేవాడు. తోబీతు గ్రంథం అరామిక భాషలో దొరికింది. జెరోముకు ఆ భాష బాగా రాదు. రెండు భాషలూ తెలిసిన ఒకరిని పిలిపించి, ఆయన హెబ్రీలో చెబుతుంటే తాను లాటినులో చెప్పి వ్రాయసగానిచేత వ్రాయించి, ఒక్క రోజులో ముగించారు. హెబ్రీ పేర్లకు అర్థాలు తెలిపే నిఘంటువు ఒకటి, గ్రంథంలోని ఊళ్ల పేర్లకు మరొకటి కూడా సిద్ధం చేశారు. తనకు ముందున్న క్రైస్తవ రచయితలను గురించి 135 చిన్న అధ్యాయాల పుస్తకం ఒకటి వ్రాశారు. ఇన్ని పనులూ మఠం నడుపుతూ, యాత్రికులను ఆదరిస్తూ, బాలురకు చదువు చెబుతూ చేసినవే.

తరువాత వుల్గాతగా ప్రసిద్ధమైన లాటిను బైబులు అంతా ఆయన ఒక్కరి చేతిపని కాదు. జ్ఞానగ్రంథం, సీరా కుమారుని గ్రంథం, మక్కబీయుల గ్రంథాలు వంటివాటిలో పాత అనువాదమే నిలిచిపోయింది. నూతన నిబంధనలో సువార్తలు కాక మిగిలిన భాగాన్ని వేరొకరు దిద్దివుంటారని పండితుల అభిప్రాయం. అయినా దాని ప్రాణం జెరోముదే.

సొరపాదు తెచ్చిన గొడవ

కొత్త అనువాదాన్ని లోకం చేతులు చాచి అందుకోలేదు. యోనా ప్రవక్తకు నీడనిచ్చిన మొక్క సంగతి మనకు తెలుసు. పాత లాటినులో అది సొర. జెరోము దానిని ఒక ఎగబాకే తీగ పేరుతో అనువదించారు. ఆఫ్రికాలో, ఇప్పటి లిబియా దేశపు ట్రిపోలిలో, ఒక పీఠాధిపతి ఆ కొత్త పాఠం గుడిలో చదివించగా జనం అల్లరి చేశారు. తాతలనాటి నుండి విన్నమాట మారిందని మందిరం దద్దరిల్లింది. మంద తనను విడిచిపోతుందేమోనని ఆ పీఠాధిపతి పాతమాటనే తిరిగి పెట్టవలసి వచ్చింది. ఈ కథను 403లో పునీత అగస్టీను జెరోముకు వ్రాసి జాగ్రత్త చెప్పారు. మన తెలుగునాట చిరకాలంగా వాడుకలో ఉన్న బైబులులో కూడా అది సొరచెట్టే. ఈనాటి పండితులలో చాలమంది అది మన పొలంగట్ల మీద పెరిగే ఆముదపు చెట్టు అయివుంటుందని తలుస్తారు. ఒక మొక్క పేరు మీద ఇంత రగడ ఎందుకని నవ్వుకోవచ్చు. కాని ఆ జనానికి దేవుని వాక్యం మీద ఎంత మమకారం ఉంటే అంత కోపం వచ్చిందో కూడా ఆలోచించాలి.

అగస్టీనుకు, జెరోముకు మధ్య నడిచిన ఉత్తరాల కథ కూడా మన కాలానికి పాఠమే. అగస్టీను వ్రాసిన ఒక విమర్శ జాబును తీసుకుపోవలసినవాడు ప్రయాణం చేయలేదు. ఆ జాబు జెరోముకు చేరకముందే దాని నకళ్లు ఇటలీలో చేతులు మారాయి. తనకు వ్రాసిన జాబు తనకు తప్ప అందరికీ తెలిసిపోయిందని జెరోముకు ఒళ్లు మండింది. తనమీద పుస్తకమే వ్రాశాడని పుకారు కూడా పుట్టింది. అసలు జాబు సరిగా చేతికి వచ్చి అపార్థం తొలగడానికి సుమారు పదేండ్లు పట్టింది. అంత జరిగినా, ఇద్దరూ ఓర్పుతో వ్రాసుకుని వ్రాసుకుని చివరకు స్నేహితులయ్యారు.

రుఫీనుతో మాత్రం అట్లా జరగలేదు. ఓరిజెను బోధల మీద వచ్చిన వివాదంలో బాల్యమిత్రులిద్దరూ విరోధులయ్యారు. 397లో యెరూషలేములో ప్రభువు సమాధి మందిరం దగ్గర చేతులు కలిపారు. మరుసటి ఏడే తగవు మళ్లీ రాజుకుంది. ఇద్దరూ గ్రంథాలు వ్రాసి ఒకరినొకరు దూషించుకున్నారు. రుఫీను చనిపోయిన తరువాత కూడా జెరోము కలం మెత్తబడలేదు. ఇది ఆయన జీవితంలోని మచ్చ. మాటలను ఇంత జాగ్రత్తగా తూచిన మనిషి కోపంలో వాటిని రాళ్లవలె విసిరాడు.

రోము కూలిన వేళ

404 జనవరిలో పౌలా మరణించింది. జెరోము దుఃఖంతో చాలకాలం పని చేయలేకపోయారు. యుస్తోకియా కోరగా రెండు రాత్రులలో పౌలా జీవిత కథను చెప్పి వ్రాయించారు. కూతురి కోసం ఏడ్చిన ఆ తల్లిని మందలించినవాడే, ఇరవై ఏండ్ల తరువాత ఆమె కోసం తాను కన్నీరు ఆపుకోలేకపోయాడు.

410 ఆగస్టు 24న అలారికు నాయకత్వంలో గోతులు రోము నగరంలో ప్రవేశించి మూడు రోజులు దోచుకున్నారు. ఎనిమిది వందల ఏండ్లుగా శత్రువు చేతికి చిక్కని నగరం అది. ఆ వార్త బెత్లెహేము చేరినప్పుడు జెరోము యెహెజ్కేలు ప్రవక్త మీద వ్యాఖ్యానం మొదలుపెట్టబోతున్నారు. నోట మాట రాలేదు. ఒక్క నగరంతో లోకమంతా నశించినట్లు ఆయనకు తోచింది. వృద్ధురాలైన మార్సెల్లాను సైనికులు దాచిన బంగారం కోసం కొట్టారు. ఆమె కొద్దికాలానికే చనిపోయింది. వార్త వెంట వార్త, చావు వెంట చావు.

కొంతకాలానికి శరణార్థులు రాసాగారు. నిన్నటి కోటీశ్వరులు నేడు బెత్లెహేము సత్రం గుమ్మంలో భిక్షకు నిలబడ్డారు. అప్పుడు జెరోము వ్యాఖ్యానాన్ని పక్కన పెట్టారు. గ్రంథంలోని మాటలను చేతలుగా మార్చవలసిన సమయం వచ్చిందని, పగలంతా వారిని ఆదరించడంలో గడిపారు. రాత్రి దొరికిన కొద్ది గడియలలో దీపం దగ్గర కూర్చుని చెబుతుంటే వ్రాయసగాడు వ్రాసుకునేవాడు. కళ్లు మసకబారాయి. దీపం వెలుగులో హెబ్రీ అక్షరాలు కనిపించేవి కావు. పగటివేళ కూడా కష్టమే. గ్రీకు వ్యాఖ్యానాలను తోటి సన్యాసులు చదివి వినిపించేవారు. ఆ విధంగా, ముక్కలు ముక్కలుగా, 414 ప్రాంతంలో ఆ పుస్తకం పూర్తయింది.

నా దృష్టిలో జెరోము జీవితమంతటిలో గొప్ప ఘట్టం ఇదే. లోకం కూలిపోతున్నదనే వార్త విన్నవాడు రెండు తప్పులు చేయడానికి వీలున్నది. ఇక దేనికీ అర్థం లేదని పని మానివేయవచ్చు. లేదా గుమ్మంలోని అభాగ్యుని చూడకుండా పుస్తకంలో తల దూర్చవచ్చు. ఆయన రెండూ చేయలేదు. పగలు అన్నం పెట్టారు, రాత్రి అర్థం వెదికారు.

416లో ఒక అల్లరిమూక ఆయన మఠాల మీద పడి తగులబెట్టింది. ఒక దీకను హతుడయ్యాడు. ముసలి జెరోము ఒక బురుజులోకి పారిపోయి ప్రాణం దక్కించుకున్నారు. తరువాత యుస్తోకియా కూడా కన్నుమూసింది. యిర్మీయా ప్రవక్త మీద ఆయన వ్యాఖ్యానం 32వ అధ్యాయం దగ్గర ఆగిపోయింది. 420 సెప్టెంబరు 30న బెత్లెహేములో జెరోము తుదిశ్వాస విడిచారు. అసంపూర్ణమైన పుస్తకం బల్లమీద ఉన్నది. పూర్తయిన పని మాత్రం లోకంలో నడవసాగింది.

మనకు మిగిల్చినది

చిత్రకారులు ఆయన పక్కన సింహాన్ని, తలపై కార్డినలు ఎర్రటోపీని గీస్తారు. సింహం కథ గెరాసిము అనే మరొక సన్యాసిది. కార్డినలు టోపీ ఆయన కాలంలో లేనే లేదు. కాని పుస్తకం, దీపం, గుహ గీసినవారు సత్యానికి దగ్గరగా ఉన్నారు. జననమందిరం క్రింద ఆయన పనిచేసినదని చెప్పే గుహను యాత్రికులు ఈనాటికీ దర్శిస్తారు.

1455 ప్రాంతంలో గూటెన్‌బర్గు అచ్చువేసిన బైబులు ఈ లాటిను బైబులే. 1546లో ట్రెంటు మహాసభ దానిని శ్రీసభకు ప్రామాణికమని ప్రకటించింది. 1943లో జెరోము పండుగనాడే, సెప్టెంబరు 30న, పన్నెండవ భక్తినాథ పోపుగారు మూలభాషల నుండి బైబులును చదవమని, అనువదించమని పండితులను ప్రోత్సహించారు. జెరోము అనువాదాన్ని దాటి జెరోము చూపిన ఊట దగ్గరకు పొమ్మన్నట్లయింది. ఆయన దానికి సంతోషించే ఉంటారు. 2017లో ఐక్యరాజ్యసమితి ఆ సెప్టెంబరు 30నే అంతర్జాతీయ అనువాద దినంగా ప్రకటించింది.

విశ్వాస కుటుంబంలోని సోదర సోదరీమణులారా, జెరోము వంటి పాండిత్యం మనలో ఎందరికి సాధ్యం? హెబ్రీ, గ్రీకు మనకు రావు. అయినా ఆయన పద్ధతి మన చేతికి అందనిది కాదు. చెవిన పడిన ప్రతి మాటను ముందుకు తోయక, అది ఎక్కడ పుట్టిందో చూడడం. ఫోనులో వాక్యం వస్తే పుస్తకం తెరిచి ఆ అధ్యాయమంతా చదవడం. తెలియనిచోట తెలియదని ఆగడం. మనసు చెదిరినప్పుడు దానికి కష్టమైన మంచిపని ఒకటి అప్పగించడం. అది కీర్తన కంఠస్థం చేయడం కావచ్చు, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పడం కావచ్చు, ముసలివారి జ్ఞాపకాలు అడిగి వ్రాసిపెట్టడం కావచ్చు. మన విచారణల పాత దస్తరాలు, తొలి ఉపదేశకుల కథలు, అమ్మమ్మలు పాడిన పాటలు ఎన్ని చెదలు పట్టిపోతున్నవో ఈ నూరేండ్ల పండుగలోనైనా చూచుకోవాలి. వాటిని సేకరించి, సరిపోల్చి, వరుసపెట్టి రాబోయేవారికి అందించడం జెరోము పనిలో పాలుపంచుకోవడమే.

ఇక గుమ్మంలో ఎవరైనా నిలబడితే, పుస్తకం మూసి లేవడం మరువరాదు. ఆ పుస్తకం మళ్లీ తెరిచినప్పుడు దాని అర్థం ఇంకా తేటగా కనిపిస్తుంది.